చేపల తొట్టికి రాత్రిని తిరిగి ఇవ్వడం ఎలా

అనంతపురం శివార్లలో ఇంటి వెనకాల మూడు సిమెంటు తొట్లు కట్టి చేపలు వదిలిన కొత్తలో నేను చేసిన గొప్ప తెలివైన పని ఒకటుంది. రేకుల షెడ్డు మధ్యలో పెద్ద ఎల్‌ఈడీ బల్బు వేలాడదీసి రాత్రంతా వెలిగించాను. పాము వస్తే కనిపిస్తుంది, దొంగ రాడు, లైటుకి వచ్చిన పురుగులు నీళ్ళలో పడితే చేపలకి ఊరికే మేత, పైగా బ్రాయిలర్ షెడ్లలో రాత్రిపూట కూడా లైట్లు వేస్తారు కదా, కోడి పెరిగితే చేప ఎందుకు పెరగదు అని నా లెక్క. రెండు నెలలు పోయాక చూస్తే మేత ఒకరోజు ఎగబడి తింటాయి, ఇంకోరోజు అలాగే తేలుతూ ఉంటుంది, ఉన్నట్టుండి ఒకటి ఎగిరి గోడకి కొట్టుకుంటుంది. కొన్నిటికి మూతి దగ్గర చర్మం రాసుకుపోయి తెల్లగా కనిపించేది. చేపలు కొనడానికి వచ్చిన ఒక పెద్దాయన చీకటి పడేదాకా కూర్చుని, బల్బు వైపు చూసి, "ఏమప్పా, వీటికి రాత్రే లేకుండా చేసినావే" అన్నాడు. అప్పుడు నవ్వేశాను. తర్వాత చదివితే ఆయన మాటే నిజమని తెలిసింది.

నా తొట్ల కష్టాలన్నిటికీ లైటే కారణమని చెప్పను, నీళ్ళ తప్పులూ మేత తప్పులూ కూడా చేశాను. కానీ లైటు తప్పు దిద్దుకోవడానికి పైసా ఖర్చు లేదు, అందుకే ముందు దాని గురించి రాస్తున్నా.

ముందు లోపల ఏం జరుగుతుందో తెలియాలి, లేకపోతే కింద చెప్పే పనులు చాదస్తంలా కనిపిస్తాయి. చేపకి రెప్పలు లేవు. లైటు వద్దనుకుంటే మనలా కళ్ళు మూసుకోలేదు. అదొక్కటే కాదు, కళ్ళతో పనిలేకుండానే వెలుతురును పసిగట్టే అవయవం ఇంకొకటి దాని తలలో ఉంది, పేరు పీనియల్. మెదడు పైభాగాన, పలచటి పుర్రె ఎముక కిందే ఉంటుంది. వేలెడంత కూడా లేని చేపపిల్లని తెల్లటి గిన్నెలో నీళ్ళు పోసి వేసి పైనుంచి చూడండి, కొన్ని రకాల్లో రెండు కళ్ళ మధ్య కాస్త వెనగ్గా, చుట్టూ ఉన్నదానికంటే పలచగా ఒక మచ్చ కనిపిస్తుంది. వెలుతురు లోపలికి దిగే కిటికీ అదే. కార్ల్ ఫాన్ ఫ్రిష్ అనే ఆయన, తర్వాత తేనెటీగల నాట్యం మీద పనికి నోబెల్ వచ్చిన ఆయనే, 1911లోనే చూపు లేని చిన్న చేపలు కూడా తల మీద వెలుతురు పడితే ఒంటి రంగు మార్చుకుంటాయని చూపించాడు.

ఈ పీనియల్ చీకటి పడగానే మెలటోనిన్ అనే హార్మోన్‌ను రక్తంలోకి వదులుతుంది, తెల్లారగానే ఆపేస్తుంది. రాత్రి పొడుగైతే ఎక్కువసేపు, పొట్టిదైతే తక్కువసేపు. అంటే చేప ఒంట్లో ప్రతి భాగానికీ ఇప్పుడు రాత్రి అనీ, ఈ రాత్రి ఇంత పొడుగనీ చెప్పే దండోరా ఇది. మెలటోనిన్‌ను నిద్ర హార్మోన్ అంటుంటారు గానీ చేపల విషయంలో ఆ మాట సరిపోదు, ఎందుకంటే రాత్రి మేతకి తిరిగే క్యాట్‌ఫిష్‌లో కూడా అది రాత్రే పెరుగుతుంది. అది చీకటి కబురు, అంతే. ఆ కబురు విని ఎవరి పని వాళ్ళు చేసుకుంటారు.

ఇక మొదటి పని. ఒక అమావాస్య రోజు రాత్రి పదకొండుకి తొట్టి దగ్గరికి పేపరు పట్టుకుని వెళ్ళండి, లైట్లన్నీ రోజూ ఎలా ఉంటాయో అలాగే ఉంచండి. పది నిమిషాలు ఊరికే నిలబడి కళ్ళు అలవాటు పడ్డాక, నీళ్ళ అంచున పేపరు పెట్టి చూడండి. వార్త చదవగలిగితే మీ చేపలకి రాత్రి లేనట్టే. హెడ్డింగు మాత్రమే తెలుస్తోందన్నా వెలుతురు ఎక్కువే. ఫోన్లో వెలుతురు కొలిచే యాప్‌లు ఉన్నాయి గానీ ఇంత మసక వెలుతురులో అవి చెప్పే అంకెలు నమ్మొద్దు.

ఎంత వెలుతురు ఎక్కువ అన్నదానికి ఒక అంచనా చెబుతా. వెలుతురును లక్స్‌లలో కొలుస్తారు. నడినెత్తిన ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది, నిండు పున్నమి వెన్నెల 0.3 లక్స్ దాటదు. జర్మనీలో బెర్లిన్ మంచినీటి పరిశోధన సంస్థ వాళ్ళు పెర్చ్ అనే చేపల మీద చేసిన పని 2015లో వచ్చింది, అందులో రాత్రి పూట 1 లక్స్ వెలుతురుకే మెలటోనిన్ అణిగిపోయింది. 1 లక్స్ అంటే మన వీధి లైటు కింద ఉండేదాంట్లో చాలా తక్కువ వంతు. అదే పనిలో ఇంకో సంగతి ఉంది, ఒత్తిడి హార్మోన్ అయిన కార్టిసాల్ మాత్రం పెరగలేదు. నాకు ఇది ముఖ్యం అనిపించింది, ఎందుకంటే చేప టెన్షన్ పడుతున్నట్టు పైకి ఏమీ కనిపించకపోయినా లోపల గడియారం తప్పి ఉండొచ్చు. చూస్తే బాగానే ఉన్నాయి కదా అని వదిలేయకూడదు.

రెండో పని, మన ఊరి పగలు ఎంతో రాసి పెట్టుకోవడం. చాలామంది ఇక్కడే యూట్యూబ్ చూసి పొరపాటు పడతారు. నార్వేలో సాల్మన్ పెంచేవాళ్ళు శీతాకాలంలో చేపల్ని ఉంచే వల పంజరాల మీద లైట్లు వెలిగించి ఉంచుతారు, చేప తొందరగా ఈడుకు రాకుండా ఒంటికి ఎదగాలని. అక్కడ ఉత్తరాన చలికాలంలో పగలే సరిగ్గా ఉండదు, వేసవిలో రాత్రే ఉండదు, కాబట్టి అక్కడి చేప పగటి పొడవుని క్యాలెండర్‌లా చదువుతుంది. మన కర్నూలులో జూన్ నెలాఖరున పగలు సుమారు 13 గంటలు, డిసెంబరు నెలాఖరున 11 గంటల పావు కంటే కొంచెం తక్కువ. తేడా రెండు గంటలు కూడా లేదు. అనంతపురం, కడప ఇంకా దక్షిణాన ఉన్నాయి కాబట్టి ఇక్కడ మరికాస్త తక్కువ. జూన్‌లో పొద్దు ఐదూ ముప్పావు దాటాక పొడిచి ఏడుకి పది నిమిషాల ముందు వాలుతుంది, డిసెంబరులో ఆరూ నలభైకి పొడిచి ఆరు లోపే వాలిపోతుంది. అంటే మన చేపలకి అటూఇటూగా ఏడాదంతా పన్నెండు గంటల పగలు, పన్నెండు గంటల రాత్రి. మనం కొత్తగా పగలు పొడిగించాల్సిన పని లేదు, ఉన్న రాత్రిని చెడగొట్టకుండా ఉంటే చాలు.

మూడో పని లైటు సర్దడం. షెడ్డులో పగలు బాగా వెలుతురు వస్తుంటే బల్బు అసలు అక్కర్లేదు. మూసిన షెడ్డు అయితే టైమర్ ఉన్న ప్లగ్గు ఒకటి కొనండి, ఎలక్ట్రికల్ షాపులో దొరుకుతుంది, పొద్దున ఆరున్నరకి వెలిగి సాయంత్రం ఆరున్నరకి ఆరిపోయేలా పెట్టి దాన్ని మర్చిపోండి. మన చేత్తో వేసే స్విచ్‌ని నమ్ముకుంటే ఒకరోజు పెళ్ళికి పోతాం, ఒకరోజు క్రికెట్ చూస్తూ కూర్చుంటాం, చేపకి ఆ రోజు పగలు రాత్రి పదిదాకా సాగుతుంది. రోజూ ఒకే వేళ అన్నది గంటల లెక్క కంటే ముఖ్యం అని నా అభిప్రాయం.

వెలుగు ఒక్కసారిగా మీద పడకూడదు. ఇది మాత్రం కళ్ళారా చూశాను. తెల్లవారుజామున నాలుగున్నరకి మోటారు వేయడానికి వెళ్ళి చిమ్మచీకట్లో పెద్ద బల్బు వేస్తే, ఒక క్షణం నీళ్ళు కదలవు, మరుక్షణం తొట్టి మొత్తం ఉడికినట్టు ఎగసిపడుతుంది, రెండు మూడు బయట సిమెంటు మీద పడి కొట్టుకుంటాయి. మూతులు రాసుకుపోవడానికి అసలు కారణం అదే అని నాకు అర్థమైంది అప్పుడే. బయట పొద్దుకి తెల్లారడానికి ఇరవై నిమిషాల పైనే పడుతుంది కదా, మనం కూడా అలాగే చేయాలి. ముందు షెడ్డు పక్క పరదా ఎత్తండి, తర్వాత మూలన ఉన్న చిన్న బల్బు, పావుగంట ఆగి పెద్దది. సాయంత్రం దీన్నే తిరగేయండి. రెండు బల్బులకి రెండు టైమర్లు పెడితే మీరు లేకపోయినా జరిగిపోతుంది.

కాపలా లైటు సంగతి అడుగుతారు, తెలుసు. లైటు తీసేయమని నేను అనను, పాములున్న చోట అది కుదరదు. దాన్ని తొట్టి పైనుంచి తీసి దారి వైపు తిప్పండి, పైన రేకుతో టోపీ పెట్టి వెలుతురు నీళ్ళ మీద పడకుండా చేయండి, మనిషి కదిలితేనే వెలిగే సెన్సర్ లైటు దొరికితే ఇంకా మంచిది. ఎర్ర బల్బు వేస్తే చేపకి తెలీదు అని ఒకాయన నాకు సలహా ఇచ్చాడు, పెట్టి చూశాను కూడా. అది పనికిరాదు, చేప పీనియల్ ఎర్ర వెలుతురును కూడా పసిగడుతుంది. రాత్రి చూడాల్సి వస్తే టార్చి నేలకి కొట్టి, పని చూసుకుని, ఆపేసి వచ్చేయండి.

పురుగుల కోసం పొలంలో చెరువు మీద బల్బు కట్టే అలవాటు చాలాచోట్ల ఉంది. కడప వైపు మా బావ కూడా ఫారం పాండ్ మీద కట్టాడు. విస్తీర్ణం ఉన్న చోట ఒక మూల మాత్రం కట్టి, చేపకి దూరం పోయే జాగా ఉంచి, రాత్రి తొమ్మిదికి ఆపేస్తే నాకు పెద్దగా అభ్యంతరం లేదు. పన్నెండు అడుగుల తొట్టి మీద కడితే మాత్రం అది పారిపోవడానికి చోటెక్కడిది?

టైమింగులు మారుస్తున్నప్పుడు ఒక్కరోజులో మార్చొద్దు, రోజుకి పావుగంటో అరగంటో జరుపుకుంటూ పోండి. ఫలితం రెండు వారాలు చూశాక మాట్లాడుకోవాలి.

నాలుగో పని మేత, వెలుతురు తర్వాత చేప గడియారాన్ని తిప్పేది ఇదే. గోల్డ్‌ఫిష్‌లో మేత వేళ మారిస్తే కార్టిసాల్ పెరిగే వేళ కూడా దాని వెంట జరుగుతుందని 1980లలోనే చూశారు. కార్టిసాల్ అనగానే చెడ్డదనుకోకండి, రోజులో ఒక వేళకి పెరగడం, ఇంకో వేళకి తగ్గడం దాని మామూలు లయ, లేచి పనిలో పడమని ఒంటిని సిద్ధం చేస్తుంది. రోజూ ఎనిమిదిన్నరకి మేత పడే తొట్టిలో ఎనిమిది దాటగానే వెళ్ళి చప్పుడు చేయకుండా నిలబడండి. మొదట్లో అన్నీ అడుగునే ఉంటాయి, తర్వాత ఒకటొకటే మేత పడే మూలకి చేరుతాయి, ఎనిమిదీ పావు దాటేసరికి అక్కడ నీళ్ళు నల్లగా కనిపిస్తాయి, మీరు ఇంకా మేత డబ్బా ముట్టుకోను కూడా లేదు. ఇలా ముందే చేరుతున్నాయంటే గడియారం కుదిరినట్టు. ఒకరోజు ఏడుకి, ఒకరోజు పదికి వేసే తొట్టిలో ఇది కనిపించదు, మేత వేశాక అవి వచ్చేలోపు సగం కరిగి అడుక్కి పోతుంది. తవుడు, వేరుశనగ చెక్క ధరలు చూస్తే అది డబ్బులు నీళ్ళలో కలపడమే.

వేళ ఏదైతే మంచిది అంటే, కట్ల, రోహు లాంటివాటికి పొద్దెక్కాక. తెల్లారగట్ల నీటిలో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువగా ఉంటుంది, రాత్రంతా నాచు కూడా ఆక్సిజన్ పీలుస్తుంది కాబట్టి. ఎండ పడి నాచు మళ్ళీ ఆక్సిజన్ వదలడం మొదలయ్యాక, ఎనిమిదిన్నర తొమ్మిది మధ్య ఒకసారి, సాయంత్రం నాలుగు నాలుగున్నరకి ఒకసారి చాలు. క్యాట్‌ఫిష్ రకాలకి మాత్రం చీకటి పడే వేళ ఎక్కువ వంతు ఉంచండి, వాటి ఆకలి ఆ వేళకే లేస్తుంది. ఒక హెచ్చరిక, తెల్లవారుజామున చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తుంటే అది గడియారం గొడవ కాదు, ఆక్సిజన్ గొడవ. అప్పుడు ఈ వ్యాసం పక్కన పడేసి, నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్ వేయండి.

పట్టడం, తూకం వేయడం, తొట్టి మార్చడం కూడా ఈ లెక్కలోకే వస్తాయి. వలలో పడ్డ కొద్ది నిమిషాల్లోనే చేప రక్తంలో కార్టిసాల్ పైకి పోతుంది, దిగి మామూలు కావడానికి గంటలు పడుతుంది. రోజువారీ ఎత్తుపల్లాల కంటే ఈ పెరుగుదల చాలా పెద్దది. అందుకని తూకం ప్రతిసారీ ఒకే వేళకి వేయండి, చల్లగా ఉన్న పొద్దుటిపూట, ముందు రోజు సాయంత్రం మేత ఆపేసి. అర్ధరాత్రి లైట్లు వేసి పట్టడం అమ్మకానికైతే తప్పదు, ఎలాగూ పొద్దునకి మార్కెట్లో ఉండాలి. తిరిగి నీళ్ళలో వదిలే చేపకి మాత్రం అలా చేయొద్దు, రాత్రీ పోయింది, ఒత్తిడీ పెరిగింది, రెండు దెబ్బలు.

ఎండాకాలం గురించి రెండు మాటలు. మనవైపు ఏప్రిల్, మే నెలల్లో షేడ్ నెట్ వేయక తప్పదు. నెట్ వేస్తే చేపకి పగలు తెలియకుండా పోతుందేమో అని ఒకాయన అడిగాడు. సగం ఎండ ఆపే నెట్ కింద కూడా మధ్యాహ్నం యాభై వేల లక్స్ ఉంటుంది, రాత్రితో పోలిస్తే ఆ తేడా ఎక్కడికి పోతుంది? నిశ్చింతగా వేయండి.

ఇప్పుడు చేపపిల్లలు తీయాలనుకునేవాళ్ళకి. లైటు పెంచితే తల్లిచేపలు తొందరగా గుడ్లకొస్తాయా అని అడుగుతారు. పగటి పొడవుకి, గుడ్డు తయారవడానికి సంబంధం ఉన్న మాట నిజమే, శాంతినికేతన్ విశ్వభారతిలో కట్ల మీద మెలటోనిన్ గురించి ఏళ్ళ తరబడి పని జరిగింది. పగలు పెరిగే రోజుల్లో మెదడు నుంచి దాని కిందుండే పిట్యూటరీ గ్రంథికి, అక్కడి నుంచి అండాశయానికి హార్మోన్ కబుర్లు వెళ్ళి గుడ్లు ముదురుతాయి. కానీ ఇక్కడో మెలిక ఉంది. ముదరడం వేరు, వదలడం వేరు. కట్ల, రోహు నిలవ నీళ్ళలో గుడ్లు ముదిరి కూడా వదలవు, వాటికి కొత్త వాననీరు, పారే నీరు కావాలి. ఆ ఆఖరి అడుగు మనిషి వేయించింది 1957 జులై 10న, ఒడిశాలో హీరాలాల్ చౌదరి పిట్యూటరీ రసం సూదితో ఎక్కించి కార్ప్ (కట్ల, రోహు లాంటి) చేపల చేత గుడ్లు పెట్టించినప్పుడు. ఇప్పటికీ జులై 10ని మత్స్య రైతుల దినోత్సవంగా జరుపుతున్నారు. ఈరోజు చేపపిల్లలు తీసే హేచరీల్లో వాడే ఇంజెక్షన్లలో ఒక హార్మోన్ నకలు, దాంతోపాటు కార్ప్ మెదడులో అడ్డుపడే డోపమిన్ అనే రసాయనాన్ని ఆపే మందు కలిపి ఉంటాయి. సాయంత్రం పొడిస్తే తెల్లారేలోపు గుడ్లు పడతాయి.

మన జిల్లాల సంగతి ఇంకా విచిత్రం. పొద్దు జూన్‌లోనే అన్నిటికంటే పొడుగవుతుంది, అనంతపురంలో పెద్ద వానలు మాత్రం సెప్టెంబరు దాకా రావు, ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల చిల్లర పడే నేల ఇది. పొద్దు రమ్మంటుంది, నీళ్ళు ఆగమంటాయి. కాబట్టి ఇంట్లో లైట్లు పెంచి రోహు చేత గుడ్లు పెట్టిద్దామనే ఆలోచన వదిలేసి, మంచి హేచరీ పిల్లలు తెచ్చుకోవడమే లాభం. కేసీ (కర్నూలు-కడప) కాలువ కింద నీళ్ళు ముందే అందేవాళ్ళ పద్ధతి వేరు, వాళ్ళ క్యాలెండర్ చూసి మనం పిల్లలు వదిలితే దెబ్బతింటాం.

పగటి పొడవు పని చేస్తుందని మీ కళ్ళతో చూడాలనుంటే రోహుతో కాదు, జీబ్రా చేపతో చూడండి. ఒంటి మీద నీలి చారలుండే బొటనవేలంత చేప, అక్వేరియం షాపుల్లో దొరుకుతుంది. అసలు మన దేశపు చేపే, ప్రపంచమంతా ల్యాబుల్లో పెంచుతున్నారు, అక్కడి లెక్క 14 గంటల వెలుగు, 10 గంటల చీకటి. టైమర్‌తో ఆ లెక్క పెట్టండి, సాయంత్రం అడుగున గోళీలు పరవండి, ఆడామగా వదలండి, లైటు వెలిగిన మొదటి అరగంటా గంటా అక్కడే కూర్చోండి. బాగా మేసిన చేపలైతే ఆ వేళకే ఒకదాని వెంట ఒకటి తరుముకుంటూ గుడ్లు విడుస్తాయి, ఆవగింజ కంటే చిన్నవి, అద్దంలా ఉంటాయి, గోళీల సందుల్లోకి దిగిపోతాయి. గోళీలు లేకపోతే వాటి గుడ్లు అవే తినేస్తాయి.

ఇంట్లో ముందు గదిలో అందానికి అక్వేరియం పెట్టుకున్నవాళ్ళు రాత్రి పన్నెండుదాకా టీవీ చూస్తూ ట్యాంకు లైటు వెలిగించి ఉంచుతారు. ఎనిమిది నుంచి పది గంటల లైటు చాలు, మొక్కలకీ అదే సరిపోతుంది, నాచు కూడా తక్కువ పడుతుంది. గది లైటు ఆలస్యంగా ఆపే ఇల్లయితే ట్యాంకు మీద దళసరి గుడ్డ కప్పండి, పైన గాలి ఆడేలా వదిలి.

ఆఖరుగా, కరెంటు పోయి వచ్చే ఊళ్ళకి. కొన్ని చౌక టైమర్లు కరెంటు పోయినంతసేపు ఆగిపోయి, వచ్చాక అక్కడి నుంచే లెక్క మొదలుపెడతాయి. మూడు గంటలు కరెంటు పోతే మీ చేపల పొద్దు మూడు గంటలు వెనక్కి పోతుంది. నాది రెండు వారాలు అలాగే తిరిగింది, రాత్రి తొమ్మిదింటికి షెడ్డు దేదీప్యమానంగా వెలుగుతుంటే గానీ నాకు తెలియలేదు. లోపల బ్యాటరీ ఉన్నది అడిగి కొనండి, వారానికోసారి చేతి గడియారంతో సరిచూసుకోండి.